మా మీటరు మాకు కనిపించనివ్వండి: ఇళ్లలో విద్యుత్ పొదుపుపై ఒక బహిరంగ లేఖ

విద్యుత్ పంపిణీ సంస్థల నిర్వాహకులకు, విద్యుత్ ధరలను నిర్ణయించే నియంత్రణ మండళ్ల సభ్యులకు నమస్కారములు.

డిమాండు పెరిగి సరఫరాపై ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ మీ నుంచి గృహ వినియోగదారులకు ఒక విజ్ఞప్తి వస్తుంది. ఎవరూ లేని గదుల్లో దీపాలు ఆర్పండి, విద్యుత్తును వృథా చేయకండి, మీరు ఆదా చేసే ప్రతి యూనిట్ మీకు డబ్బు మిగులుస్తుంది అని ఆ విజ్ఞప్తి చెబుతుంది. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా దాన్ని చదివిన ఇళ్లలో వాడకం చెప్పుకోదగినంతగా తగ్గదు. తగ్గనప్పుడు, ప్రజలకు పట్టింపు లేదన్న అభిప్రాయం మీ కార్యాలయాల్లో స్థిరపడుతుంది. ఆ అభిప్రాయం సరైనది కాదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. పొదుపు చేయాలన్న కోరిక చాలా ఇళ్లలో ఉంది. ఆ కోరిక ఆచరణగా మారడానికి కావలసిన వాటిలో కొన్ని మాత్రమే ఇంటివారి చేతిలో ఉన్నాయి. మిగిలినవి మీ చేతిలో ఉన్నాయి.

నేను విద్యుత్ ఇంజనీరును కాను. కొన్నేళ్లుగా ప్రతి రాత్రి పడుకునే ముందు ఇంటి మీటరు చూసి, ఆ అంకెలను ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్న మామూలు వినియోగదారుని. ఒక నెల మా బిల్లు అంతకు ముందు నెల కంటే బాగా పెరిగి వచ్చింది. కారణం అడిగితే, వాడారు కాబట్టి వచ్చిందన్నారు. అది నిజమే, కానీ ఏ పరికరం వాడింది, ఏ రోజుల్లో వాడింది అన్నది ఆ బిల్లులో ఎక్కడా లేదు. అప్పటినుంచి రోజూ రీడింగు రాసుకోవడం మొదలుపెట్టాను. పదిహేను రోజులు గడిచేసరికి, అన్ని స్విచ్చులూ ఆపేసిన రాత్రుల్లో కూడా మీటరు చాలా ముందుకు పోతోందని అర్థమైంది. చివరకు దోషం ఫ్రిజ్‌లో బయటపడింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు వదులై చల్లదనం బయటకు పోతుండటంతో కంప్రెసర్ దాదాపు ఆగకుండా నడుస్తోంది. రబ్బరు మార్పించాక వాడకం మామూలు స్థాయికి వచ్చింది. ఆ నెలల్లో మా ఇంట్లో అందరం శ్రద్ధగా లైట్లు ఆర్పుతూనే ఉన్నాం. మా శ్రద్ధ ఒకచోట ఉంది, నష్టం ఇంకొకచోట జరిగింది.

ఇది మా ఒక్క ఇంటి పొరపాటు కాదు. షహజీన్ అత్తారి, ఆమె సహ పరిశోధకులు 2010లో ప్రచురించిన అమెరికా సర్వేలో 505 మందిని, ఏ పరికరం ఎంత శక్తి వాడుతుందో, ఏ పని వల్ల ఎంత ఆదా అవుతుందో అంచనా వేయమని అడిగారు. తక్కువ శక్తి తీసుకునే వాటి విషయంలో అంచనాలు కొంత ఎక్కువగా ఉంటే, ఎక్కువ తీసుకునే వాటి విషయంలో చాలా తక్కువగా వచ్చాయి. మొత్తం మీద సగటున అసలు విలువ కంటే 2.8 రెట్లు తక్కువగా ఊహించారు. పొదుపుకు అత్యంత ప్రభావవంతమైన పని ఏమిటని అడిగినప్పుడు, మంచి సామర్థ్యం ఉన్న పరికరానికి మారడం కంటే దీపాలు ఆర్పడం వంటి సంయమనాన్నే ఎక్కువమంది చెప్పారు. ఎందుకంటే కంటికి కనిపించేది వెలుగు. గీజరులో నీరు కాగడం కనిపించదు, వినిపించదు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక యూనిట్ ఖర్చు చేయడానికి సుమారు 111 గంటలు, అంటే నాలుగున్నర రోజులకు పైగా, వెలుగుతూ ఉండాలి. 2000 వాట్ల గీజరు ఆ యూనిట్‌ను అరగంటలో ఖర్చు చేస్తుంది. మీ విజ్ఞప్తులు ఎక్కువగా దీపాల చుట్టూనే తిరుగుతాయి గనుక, మాలో ఇప్పటికే ఉన్న పొరపాటు అంచనాను అవి మరింత గట్టిపరుస్తున్నాయేమోనని నాకు ఆందోళనగా ఉంది.

అలాగని ఈ లెక్కలన్నీ ప్రజలకు వివరిస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. ఈ మాట మీరు గట్టిగా పట్టించుకోవాలని నా కోరిక, ఎందుకంటే అవగాహన సదస్సుల మీద మీరు వెచ్చించే శ్రమ తక్కువేమీ కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త స్కాట్ గెల్లర్ 1981లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంధన పొదుపుపై శిక్షణ శిబిరాలకు వచ్చినవారి అవగాహన పెరిగింది, అభిప్రాయాలు మారాయి, పొదుపు చేస్తామన్న సంకల్పం బలపడింది. తర్వాత వారి ఇళ్లకు వెళ్లి చూస్తే, ఆచరణలో వచ్చిన మార్పు చాలా స్వల్పం. తెలుసుకోవడానికీ చేయడానికీ మధ్య ఉన్న దూరం కరపత్రాలతో పూడదు.

ఇంకొక పాత ఉదాహరణ ఉంది. 1970లలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ సోకొలో బృందం న్యూజెర్సీలోని ట్విన్ రివర్స్ అనే నివాస ప్రాంతంలో ఒకే నమూనాతో కట్టిన ఇళ్లను ఏళ్ల తరబడి పరిశీలించింది. గోడలు, కిటికీలు, అమర్చిన యంత్రాలు అన్నీ ఒకే రకమైనవైనా, ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి వాడిన ఇంధనంలో ఒక ఇంటికీ మరొక ఇంటికీ రెండు రెట్ల తేడా కనిపించింది. ఇంట్లో ఉండేవారు మారితే ఆ ఇంటి వాడకమూ మారింది. అంటే తేడాలో పెద్ద భాగం మనుషుల్లో ఉంది. అయితే దాన్ని మనుషుల గుణంగా కాక, వారి దినచర్యగా చూడాలని నా అభిప్రాయం. ఇంట్లో ఎవరు ఏ వేళ ఉంటారు, పసిపిల్లలున్నారా, మంచం పట్టిన పెద్దలున్నారా, ఇంటినుంచే పని చేసేవారున్నారా అన్న వాటి మీద వాడకం ఆధారపడుతుంది. వీటిలో దేన్నీ వృథా అనలేము.

ఇక మనుషులను నిజంగా కదిలించేది ఏమిటన్న విషయానికి వస్తాను. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో జెస్సికా నోలన్, వెస్ షుల్ట్జ్ తదితరులు చేసి 2008లో ప్రచురించిన పరిశోధన నన్ను చాలా ఆలోచింపజేసింది. మీరు ఎందుకు పొదుపు చేస్తారని అడిగితే జనం పర్యావరణం అన్నారు, సమాజం పట్ల బాధ్యత అన్నారు, డబ్బు అన్నారు. పొరుగువారు చేస్తున్నారు కాబట్టి అన్న కారణానికి అన్నిటికంటే చివరి స్థానం ఇచ్చారు. కానీ వేర్వేరు సందేశాలను వేర్వేరు ఇళ్ల తలుపులకు తగిలించి, ఆ తర్వాత మీటర్లు చూస్తే, పొరుగువారిలో ఎక్కువమంది ఇప్పటికే పొదుపు చేస్తున్నారని తెలిపిన సందేశమే ఎక్కువ పని చేసింది. తమను ఏది నడిపిస్తోందో ఆ ఇంటివారికే తెలియదన్న మాట. కాబట్టి, ఏ ప్రచారం చేస్తే బాగుంటుందని మమ్మల్ని సర్వేల్లో అడిగి, ఆ జవాబుల ఆధారంగా ప్రణాళికలు వేయకండి. మేము నిజాయితీగానే జవాబిస్తాము, అయినా ఆ జవాబు తప్పు కావచ్చు.

పొరుగువారితో పోలిక రెండు వైపులా పదునున్న కత్తి. అదే శాన్ మార్కోస్‌లో అంతకు ముందు జరిగి 2007లో వెలువడిన ప్రయోగంలో, మీ వాడకం ఇంత, మీ ప్రాంతపు సగటు ఇంత అని తెలిపినప్పుడు, సగటు కంటే ఎక్కువ వాడేవారు తగ్గించుకున్నారు. తక్కువ వాడేవారు మాత్రం సగటు వైపు పెరిగారు. తక్కువ వాడినవారి కాగితం మీద మెచ్చుకోలుగా ఒక నవ్వు ముఖం బొమ్మ వేసినప్పుడు ఆ పెరుగుదల కనిపించలేదు. ఒక చిన్న బొమ్మ చేసిన పని అది. ఇంటిని పొదుపుగా నడుపుకునే ఎందరో గృహిణులకు, గృహస్థులకు ఇంతవరకు ఏ విద్యుత్ సంస్థ నుంచీ ఒక్క మంచి మాట అందలేదన్నది గుర్తుచేసుకుంటే, ఆ బొమ్మ ఎందుకంత పని చేసిందో నాకు ఆశ్చర్యం కలగదు.

ఈ పద్ధతినే ఓపవర్ అనే సంస్థ అమెరికాలో పెద్ద ఎత్తున అమలు చేసింది. దాదాపు 6 లక్షల ఇళ్ల సమాచారాన్ని ఆర్థికవేత్త హంట్ ఆల్కాట్ విశ్లేషించి 2011లో ప్రచురించారు. పొరుగిళ్లతో పోల్చి చూపే నివేదికలు అందుకున్న ఇళ్లలో వాడకం సగటున 2 శాతం తగ్గింది. 2 శాతం చిన్నదిగా అనిపించవచ్చు. కానీ స్వల్పకాలంలో అంత తగ్గుదల ధర పెంచి సాధించాలంటే 11 నుంచి 20 శాతం వరకు పెంచాల్సి ఉంటుందని ఆయన లెక్క తేల్చారు. అందరికంటే ఎక్కువ వాడే పదో వంతు ఇళ్లలో తగ్గుదల 6.3 శాతం ఉంటే, అందరికంటే తక్కువ వాడే పదో వంతు ఇళ్లలో అది 0.3 శాతమే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడమని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఒక బల్బు, ఒక ఫ్యానుతో రోజులు వెళ్లదీసే ఇంటికి పొదుపు పాఠం చెప్పడం ఫలితం లేని పని మాత్రమే కాదు, అన్యాయం కూడా. పొదుపు విజ్ఞప్తి అందరికీ ఒకే గొంతుతో వెళ్లకూడదు.

డబ్బు సంగతి. ధర పెంచితే వాడకం తగ్గుతుందన్న నమ్మకంతోనే శ్లాబులు పెట్టారు, ఎక్కువ వాడేకొద్దీ యూనిట్ ధర పెరిగేలా చేశారు. ఆలోచన మంచిదే. అయితే ఆ ఆలోచన పని చేయాలంటే, నేను ఈ క్షణంలో వాడబోయే యూనిట్ ఏ శ్లాబులోకి వస్తుందో నాకు తెలియాలి. కోఇచిరో ఇటో అనే ఆర్థికవేత్త కాలిఫోర్నియాలో రెండు విద్యుత్ సంస్థల సరిహద్దుకు ఇరువైపులా ఉన్న ఇళ్లను పోల్చి 2014లో చూపించినది ఇదే: జనం చివరి యూనిట్ ధరను బట్టి కాక, మొత్తం బిల్లులో కనిపించే సగటు ధరను బట్టి నడుచుకుంటున్నారు. మరో విధంగా వారు నడుచుకోగలిగే అవకాశమే లేదు. నెల ముగిశాక వచ్చే కాగితం మీద శ్లాబు దాటారని చెప్పడం, చేతులు కాలాక ఆకులు అందించడమే. శ్లాబు దాటడానికి పది యూనిట్ల దూరంలో ఉన్నారని నెల మధ్యలో ఫోనుకు ఒక్క సందేశం పంపితే, ఆ ధరల పట్టికకు మొదటిసారిగా అర్థం ఏర్పడుతుంది.

డబ్బు ఆదా అవుతుందన్న మాటనే ముందు పెట్టి ప్రచారం చేయడం కూడా అనుకున్నంతగా పని చేయదు. మగాలీ డెల్మాస్, ఆమె సహచరులు 1975 నుంచి 2012 వరకు జరిగిన 156 క్షేత్ర ప్రయోగాలను కలిపి చూసినప్పుడు, వాడకం సగటున 7.4 శాతం తగ్గినట్లు తేలింది. అయితే ఖర్చు వివరాలు, డబ్బు ప్రోత్సాహకాల మీద ఆధారపడ్డ పద్ధతుల్లో వాడకం తగ్గడానికి బదులు పెరిగే ధోరణి కనిపించింది. ఆమె, ఒమర్ అసెన్సియో కలిసి లాస్ ఏంజెలెస్‌లో 118 ఇళ్లపై చేసి 2015లో ప్రచురించిన ప్రయోగంలో, వాడకం వల్ల వచ్చే కాలుష్యం పిల్లల ఆస్తమా వంటి ఆరోగ్య సమస్యలకు ఎలా దారితీస్తుందో తెలిపిన ఇళ్లలో వాడకం 8 శాతం, పిల్లలున్న ఇళ్లలో 19 శాతం తగ్గింది. ఎంత డబ్బు మిగులుతుందో చెప్పిన ఇళ్లలో చెప్పుకోదగిన తగ్గుదల లేదు. దీనికి కారణం నాకు ఇలా తోస్తుంది: రోజుకు మిగిలే మొత్తాన్ని అంకెల్లో చూడగానే, ఇంత చిన్న మొత్తానికా ఇంత ఇబ్బంది అని మనసు లెక్క వేసుకుంటుంది. బిడ్డ పీల్చే గాలికి అలాంటి లెక్క ఉండదు.

సంక్షోభాల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రజలు ఎంత దూరం రాగలరో అప్పుడే బయటపడింది. 2001లో బ్రెజిల్‌లో వర్షాలు లేక జలాశయాలు అడుగంటినప్పుడు ఇళ్లు అంతకు ముందటి ఏడాది వాడకంలో 20 శాతం తగ్గించుకోవాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టింది. దాటితే అదనపు రుసుము విధించి, తగ్గించిన చిన్న వినియోగదారులకు బహుమానం ఇచ్చింది. ఇళ్లు ఆ లక్ష్యాన్ని అందుకున్నాయి. నియంత్రణలు ఎత్తివేశాక కూడా వాడకం చాలాకాలం పాత స్థాయికి చేరలేదు. 2008 ఏప్రిల్‌లో అలాస్కాలోని జూనో నగరానికి జలవిద్యుత్ తెచ్చే లైన్లను మంచుచరియలు కూల్చివేసి, డీజిల్ విద్యుత్ వల్ల ధర దాదాపు అయిదు రెట్లైనప్పుడు, కొద్ది వారాల్లోనే నగరపు వాడకం సుమారు 25 శాతం తగ్గింది. అక్కడ పని చేసింది ధర ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఎంత తగ్గించాలో తెలుసు. పక్క ఇల్లూ, దుకాణమూ, కార్యాలయమూ తగ్గిస్తున్నాయని కళ్లకు కనిపిస్తోంది. మామూలు రోజుల్లో ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మాకు తెలియదు.

ఇంటి లోపలి విషయం ఒకటి మీ లెక్కల్లోకి ఎప్పుడూ రాదు. మీ దృష్టిలో ఒక సర్వీసు నంబరు అంటే ఒక వినియోగదారు. నిజానికి బిల్లు కట్టేది ఒకరు, వంటింటి పరికరాలు నడిపేది మరొకరు, రాత్రంతా ఏసీ కావాలనేది ఇంకొకరు. బిల్లు చూసినవారికి వాడకం మీద అదుపు లేదు, అదుపు ఉన్నవారు బిల్లు చూడరు. మా ఇంట్లో ఆ నోటు పుస్తకాన్ని అందరికీ కనబడేలా ఫ్రిజ్ పక్కనే పెట్టాక వచ్చిన మార్పు, అంతకు ముందు నేను ఏళ్లపాటు చెప్పిన మాటల వల్ల రాలేదు. పిల్లలే రీడింగు చదివి రాయడం మొదలుపెట్టారు. నిన్నటికంటే ఎందుకు పెరిగిందన్న ప్రశ్న వారి నోటినుంచి వచ్చింది.

అద్దె ఇళ్లది మరో సమస్య. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, తక్కువ విద్యుత్తుతో నడిచే బీఎల్‌డీసీ రకం మోటారు ఉన్నది 30 వాట్ల దాకా తీసుకుంటుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యానులో ఈ మార్పు ఒక్కటే ఏడాదికి దాదాపు 246 యూనిట్లు మిగులుస్తుంది. ఇది క్రమశిక్షణతో సాధించే పొదుపు కాదు. ఒకసారి కొని బిగిస్తే చాలు. కానీ ఫ్యాను కొనవలసింది ఇంటి యజమాని, బిల్లు కట్టేది అద్దెకున్నవారు. యజమానికి లాభం లేదు, అద్దెదారుకు హక్కు లేదు, ఉన్నా ఎప్పుడు ఖాళీ చేయవలసి వస్తుందో తెలియదు. ఇక్కడ ఏ నినాదమూ పని చేయదు. అద్దెకిచ్చే ఇళ్లలోని బిగింపు పరికరాలకు కనీస సామర్థ్య ప్రమాణం పెట్టడం, పరికరం ఖరీదును నెలనెలా బిల్లులోనే వాయిదాలుగా కట్టే వీలు కల్పించి, ఆ బాకీ మనిషికి కాక కనెక్షనుకు చెందేలా చూడటం వంటి ఏర్పాట్లు మీరు మాత్రమే చేయగలరు.

నియంత్రణ మండళ్లకు విడిగా ఒక మాట విన్నవించుకోవాలి. అమ్మిన యూనిట్లను బట్టే ఆదాయం వచ్చే సంస్థను, తక్కువ అమ్ముడయ్యేలా చూడమని అడగడంలో ఒక ఇబ్బంది ఉంది. ఆ సంస్థ సిబ్బంది ఎంత మంచివారైనా, ఆ ఇబ్బంది వారి విజ్ఞప్తి గొంతులో వినిపిస్తుంది, ప్రజలు దాన్ని పసిగడతారు. కాలిఫోర్నియా 1982లోనే విద్యుత్ సంస్థలకు అనుమతించిన ఆదాయాన్ని అమ్మకాల పరిమాణం నుంచి వేరు చేసింది, అంటే తక్కువ అమ్మినా ఆ ఆదాయం తగ్గకుండా చూసింది. ఆ పని జరిగిన తర్వాతే పొదుపు గురించి సంస్థ చెప్పే మాటకు బరువు వస్తుంది.

ఇక నేను కోరేవి. స్మార్ట్ మీటర్లు అరగంటకో పావుగంటకో వాడకాన్ని నమోదు చేసి మీకు పంపుతున్నాయి. ఆ సమాచారం అదే రోజు మాకూ కనిపించాలి. ఫోను వాడటం రాని పెద్దలున్న ఇళ్లకు గోడకు తగిలించే చిన్న తెర ఇవ్వండి. పరిశోధకురాలు సారా డార్బీ 2006లో చేసిన సమీక్ష ప్రకారం ఇలా అప్పటికప్పుడు కనిపించే సమాచారం వల్ల 5 నుంచి 15 శాతం వరకు ఆదా వస్తే, బిల్లు ద్వారా ఆలస్యంగా అందేదాని వల్ల వచ్చేది సున్నా నుంచి 10 శాతం వరకే. అయితే ఆ అరగంట లెక్కలు, ఇంట్లో ఎవరూ లేని వేళలను కూడా బయటపెడతాయి గనుక, మా అనుమతి లేకుండా అవి మరెవరి చేతికీ వెళ్లకూడదు. ఇది ఎంత చెప్పినా తక్కువే. ఈ ఒక్క విషయంలో నమ్మకం పోతే మిగిలిన ప్రయత్నాలన్నీ వృథా అవుతాయి.

బిల్లు మీద, ఆ ఇంటంత పెద్దవై, అంతే మంది ఉన్న ఇళ్లతో పోలిక ఇవ్వండి. నలుగురున్న ఇంటిని ఒంటరి మనిషి ఇంటితో పోల్చి సిగ్గుపడమనకండి. వైద్య పరికరాల మీద ఆధారపడ్డవారున్న ఇళ్లను ఈ పోలికల నుంచి పూర్తిగా తప్పించండి. తక్కువ వాడినవారికి ఒక మెచ్చుకోలు వాక్యం రాయండి. రాత్రి అందరూ నిద్రపోయిన వేళ ఇంటి వాడకం ఎంతో విడిగా ఒక్క అంకెలో చూపండి. మా ఫ్రిజ్ దోషం పట్టించింది అలాంటి అంకే. ఎప్పుడూ ప్లగ్గులో ఉండి 10 వాట్లు లాగే పరికరం ఏదైనా ఏడాదికి దాదాపు 88 యూనిట్లు తింటుందన్న సంగతి కూడా ఆ అంకెతోనే బయటపడుతుంది.

ఇదంతా ఒక్కసారిగా అందరికీ అమలు చేయమని అడగడం లేదు. చీటీలు తీసినట్లుగా ఎంపిక చేసిన కొన్ని వేల ఇళ్లలో ఒక ఏడాది పాటు కొత్త బిల్లు ఇచ్చి, అదే తీరున ఎంపిక చేసిన మరికొన్ని వేల ఇళ్లకు పాత బిల్లే కొనసాగించి, రెండింటి మధ్య తేడాను బహిరంగంగా ప్రకటించండి. ప్రకటించేటప్పుడు వాడకం తగ్గని ఇళ్ల లెక్క కూడా దాచకుండా పెట్టండి. ఎందుకు తగ్గలేదో తెలుసుకోవడానికి ఆ ఇళ్లవారి అనుమతితో వారి దగ్గరకు వెళ్లి, మీటరు ముందు నిలబడి వారితో కలిసి వెతికే పనికి మనుషులు కావలసి వస్తే, నేను జీతం లేకుండా వస్తాను, నా నోటు పుస్తకం తీసుకుని.

భవదీయ,
ఒక గృహ వినియోగదారు